నీళ్ళు తిన్న పళ్ళు, సోడా తిన్న పళ్ళు

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో మా అబ్బాయిని నల్లగొండలో ఒక పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటున్న వాడు, చల్లటి నీళ్ళు తాగినా, నోరు తెరిచి గాలి పీల్చినా పళ్ళు పులుస్తున్నాయని రెండు నెలలుగా ఫోనులో చెబుతూనే ఉన్నాడు. పచ్చి మామిడికాయో చింతకాయో తిన్నప్పుడు పళ్ళు పులియడం మనందరం ఎరిగినదే, ఒక పూట గడిస్తే అది దానంతటదే పోతుంది. పులుపేదీ ముట్టకుండానే పులిసి, నెలలు గడిచినా పోకపోవడం మాత్రం మాకు వింతగా తోచి, ఎక్కడో దవడ పంటిలో పుచ్చు పడి ఉంటుందనుకున్నాం.

డాక్టరు గారు పుచ్చు కోసం వెతికి, లేదని తేల్చి, చిన్న అద్దాన్ని వాడి కింది దవడ పళ్ళ మీదికి వంచి నన్ను దగ్గరికి రమ్మన్నారు. దవడ పంటికి ఉండవలసిన గుబ్బల కొనల మీద, గిన్నె అడుగుల్లాంటి చిన్న చిన్న గుంటలు కనిపించాయి. వాటి అడుగున పసుపు రంగు తేలింది. ముందు పళ్ళు దూరం నుంచి తెల్లగానే ఉన్నా, దీపం వెలుతురులో వాటి అంచులు గాజు పెంకుల్లాగా పారదర్శకంగా ఉన్నాయి. పుల్లటి తేన్పులు వస్తాయా, తరచుగా వాంతులవుతాయా అని ఆమె అడిగారు, ఎందుకంటే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నినా పళ్ళు ఇలాగే అవుతాయట. అవేవీ లేవని వాడు చెప్పాక, ఏం తింటావని అడగకుండా ఏం తాగుతావని అడిగారు. వాడి జాబితా అంతా విని నా వైపు తిరిగి, "సార్, మీ పండ్లను నీళ్ళు తిన్నయి, బాబు పండ్లను సోడాలు తింటున్నయి" అన్నారు. మాట్లాడేటప్పుడు పెదవిని కాస్త కిందికి లాగి పళ్ళు దాచుకునే అలవాటు నాకు చిన్ననాటి నుంచీ ఉంది; అయినా ఆమె చూడనే చూశారు.

పంటి పైపొరను మన తెలుగు మాధ్యమం పాఠ్యపుస్తకాల్లో పింగాణి పొర అంటారు. ముప్పై ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్న నేను ఆ మాటను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, కానీ ఆ పేరు ఎంత సరైనదో ఆ రోజే నాకు పట్టింది. పింగాణి కప్పు పగిలితే అతకదు, పంటి పింగాణి కూడా అంతే. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీ అపటైట్ అనే స్ఫటికాలు ఒత్తుగా పేర్చినట్టుగా ఉండడం వల్ల మన శరీరంలో ఎముక కన్నా కూడా గట్టిదనం దానికే వచ్చింది. కొరికే చోట రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండి, చిగుళ్ళ దగ్గరికి వచ్చేసరికి అతి పలచనైపోతుంది. దానిని కట్టిన కణాలు, పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికే రాలిపోతాయి. ఎముక విరిగితే అతుకుతుంది, తోలు లేస్తే మళ్ళీ వస్తుంది, పింగాణికి ఆ యోగం లేదు. అందుకని అది చెడిపోవడానికి రెండు వేరు వేరు కాలాలు ఉన్నాయి: చిగుళ్ళ కింద కట్టుకుంటున్నప్పుడు ఒకటి, బయటికి వచ్చి నోటిలో కాపురం చేస్తున్నప్పుడు రెండోది. మా ఇంట్లో నావి మొదటి కాలంలో చెడ్డాయి, వాడివి రెండో కాలంలో చెడుతున్నాయి.

మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నేను పుట్టిన 1974 నాటికి మా ఊళ్ళో ఊటబావులు ఎండిపోవడం మొదలై, చేతిపంపులు వచ్చాయి. ఇక్కడి నేల అంతా గ్రానైటు రాయి. ఆ రాతిలో ఫ్లోరైటు, బయోటైటు, అపటైటు వంటి ఖనిజాలుంటాయి. లోతు పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలో కాల్షియం తక్కువై బైకార్బొనేటు ఎక్కువైనప్పుడు, ఆ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి నీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మా వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పైగా మనది మే నెలలో నిప్పులు చెరిగే ఎండ కావడం వల్ల పిల్లలు తాగే నీళ్ళు ఎక్కువ, నీళ్ళతోపాటు లోపలికి పోయే ఫ్లోరైడూ ఎక్కువ.

మా అమ్మ వాడపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఒక ఊరి నుంచి కోడలుగా వచ్చింది, ఏటి నీళ్ళు తాగి పెరిగింది. ఆమె పళ్ళు ఈనాటికీ తెల్లగా ఉంటాయి. అవే బోరు నీళ్ళు ఆమె కూడా యాభై ఏళ్ళు తాగింది, మోకాళ్ళు పట్టేసి, నడుము వంగిపోయి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది, కానీ పళ్ళకు మాత్రం మచ్చ రాలేదు. ఆమెకు పుట్టిన మా నలుగురికీ పళ్ళ మీద సున్నం చారలు, ఆ పైన గోధుమ రంగు మరకలు ఉన్నాయి. చిన్నప్పుడు ఇది నాకు పెద్ద చిక్కుముడిగా ఉండేది. "నేను ఏటి నీళ్ళ బిడ్డను, మీరు బోరు నీళ్ళ పిల్లలు" అని ఆమె నవ్వుతూ అనే మాటలోనే జవాబు ఉందని తర్వాత చదువుకున్నప్పుడు గాని తెలియలేదు. ఆమె ఇక్కడ అడుగు పెట్టేనాటికి ఆమె పళ్ళ పింగాణి కట్టడం పూర్తయిపోయింది. కనిపించే పళ్ళ పింగాణి దాదాపు ఎనిమిదేళ్ళ వయసు లోపలే తయారైపోతుంది. ఆ తర్వాత ఎంత ఫ్లోరైడ్ తాగినా ఎముకలు చెడతాయేమో గాని పళ్ళకు మచ్చలు రావు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే పంటి వైద్యుడు అక్కడి గోధుమ రంగు పళ్ళను పరిశీలించి పట్టుకున్న గుర్తు కూడా ఇదే: ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళకే మచ్చలు, పెద్దయ్యాక వచ్చినవాళ్ళకు లేవు. దానికి కారణం నీటిలోని ఫ్లోరైడేనని తేలడానికి మాత్రం 1931 దాకా ఆగవలసి వచ్చింది.

మన వైపు సంగతి కూడా పాతదే. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, ఉందని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. నల్లగొండ గురించి సిద్దిఖీ అనే వైద్యుడు రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి చదివినా మన జిల్లా పేరు అలా ఎదురవుతుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా మార్చింది కూడా ఈ నీళ్ళ కోసమే. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేసి, ఆ తర్వాత మా ఊళ్ళకు కృష్ణ నీళ్ళు నల్లాల్లో వచ్చే నాటికి మా తరం పళ్ళ కథ ఎప్పుడో ముగిసింది.

మా తరానికి నీళ్ళు చేసిన కీడుకు తోడు, ఒక తెలుగు మాట కూడా కొంత కీడు చేసిందని నా నమ్మకం. ఆ మరకలను మా ఊళ్ళో గార అనేవారు. గార అంటే పైన పట్టినది, గోడకు మెత్తినది, అంటే గీకితే పోయేది. అందుకని మేం గీకాం. వేపపుల్ల చాలదని బొగ్గు, బొగ్గు చాలదని ఉప్పు, పెళ్ళిచూపులు దగ్గరపడిన ఆడపిల్లలైతే ఇటుక పొడి కూడా పెట్టి తోమేవారు. మా పెద్దక్క అరుగు మీద కూర్చుని, ఎర్రటి నురగ చేతి మీదుగా మోచేతికి కారుతుండగా, చిగుళ్ళ నుంచి వచ్చే రక్తానికీ ఇటుక నీళ్ళకూ తేడా తెలియనంతగా తోముకోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. నిజానికి ఆ మరక పైన పట్టినది కాదు. పింగాణి కట్టే కణాలు మొదట ఒక ప్రొటీన్ మూసను వేసి, ఖనిజం నిండే కొద్దీ ఆ మూసను తీసేస్తూ పోతాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ ప్రొటీన్ సకాలంలో తొలగక, పింగాణి లోపల సూక్ష్మమైన ఖాళీలు మిగిలిపోతాయి. అలాంటి పన్ను బయటికి వచ్చేటప్పుడు సుద్దముక్కలా తెల్లగానే ఉండి, తర్వాత తిండిలోని, చాయ్‌లోని రంగులు ఆ ఖాళీల్లోకి ఇంకి గోధుమ రంగుకు తిరుగుతుంది. కాబట్టి మేం గీకిన ప్రతిసారీ మరక అలాగే ఉండిపోయి, దాని మీదున్న కాస్త గట్టి పొర అరిగిపోయింది.

మా అబ్బాయి నల్లగొండ పట్నంలో, నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణ నీళ్ళు తాగి పెరిగాడు. వాడికి పాలపళ్ళు ఊడి ముందు పళ్ళు వచ్చినప్పుడు, అవి మచ్చ లేకుండా మల్లెమొగ్గల్లా ఉన్నాయని మా అమ్మ వాడి పెదవిని పైకెత్తి వచ్చినవాళ్ళందరికీ చూపించేది. మా వంశంలో ఆ పళ్ళు ఒక సంబరం. ఇరవై ఏళ్ళు నిండక ముందే అవి పల్చబడుతున్నాయని విన్నప్పుడు నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చేదాకా ఆగి, డాక్టరు గారి ముందు చెప్పిన జాబితాను మళ్ళీ చెప్పించుకున్నాను. హాస్టల్లో రాత్రి పది నుంచి రెండింటి దాకా ల్యాప్‌టాప్ పక్కన ఒక పెద్ద కూల్ డ్రింక్ సీసా పెట్టుకుని, పది నిమిషాలకొక గుక్క చొప్పున, గుక్కను వెంటనే మింగకుండా నోట్లో తిప్పి తిప్పి తాగుతాడట. ఆ తర్వాత నోరు పుక్కిలించకుండానే పడుకుంటాడు. ఊరికి వచ్చినప్పుడు ఎండలో క్రికెట్ ఆడి, క్లాక్ టవర్ దగ్గర ఉప్పు వేసిన నిమ్మసోడా రెండు తాగి ఇంటికి వస్తాడు.

జూన్‌లో బడి తెరిచాక, భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గర పీహెచ్ కాగితాల చిన్న పుస్తకాన్ని అడిగి తెచ్చుకున్నాను. పీహెచ్ తగ్గే కొద్దీ ఆమ్లగుణం పెరుగుతుందని, నోటిలో అది 5.5 కంటే కిందికి దిగితే పంటి పింగాణి కరగడం మొదలవుతుందని పదో తరగతి పుస్తకంలోనే ఉంది. పిల్లలు దానిని ఒక మార్కు ప్రశ్నగా కంఠస్థం చేస్తారు, అంతకు మించి ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు బల్ల మీద ఆరు గ్లాసులు పెట్టాం. కూల్ డ్రింకు, నిమ్మసోడా, మా తోట బత్తాయి రసం, చల్ల, స్టాఫ్ రూమ్ చాయ్, పాత చేతిపంపు నీళ్ళు. కూల్ డ్రింకు నల్లటి రంగు వల్ల కాగితం మీది రంగు కనిపించలేదు. ఒక అమ్మాయి కాగితం మీద ఒకే చుక్క వేసి, ఆ నల్లటి బొట్టు దాటి పాకిన తడి అంచును చూడమంది. ఆ అంచు చిక్కటి నారింజ ఎరుపులో ఉంది, అంటే మూడుకు లోపల. నిమ్మసోడా కూడా దానికి తోబుట్టువే. బత్తాయి నాలుగు దగ్గర నారింజ రంగు చూపింది. చల్ల ఇంచుమించు అక్కడే ఉంది. చాయ్ ఆరు దాటింది. చేతిపంపు నీళ్ళకు కాగితం చక్కటి నీలి ఆకుపచ్చకు తిరిగింది. "సార్, గిదే అన్నిట్ల మంచిగున్నది గదా?" అని వెనక బెంచీ అబ్బాయి అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబుగా పెదవి పైకెత్తి నా పళ్ళు చూపించాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తరగతి గదిలో అలా చేయడం అదే మొదటిసారి. పీహెచ్ కాగితం ఆమ్లాన్ని మాత్రమే చూస్తుంది, ఫ్లోరైడ్ దానికి కనిపించదు. దాని కోసం వేరే పరీక్ష ఉంది. జిర్కోనియం కలిపిన రంగునీటిని వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువున్న కొద్దీ ఆ గులాబీ రంగు వెలిసి పసుపుగా మారుతుంది. బయటికి వచ్చిన పంటిని ఆ బోరు నీళ్ళు కరిగించవు, నిజమే. ఇంకా విచిత్రమేమిటంటే, కొద్ది మోతాదులో ఫ్లోరైడ్ చేరిన పింగాణి ఆమ్లానికి తట్టుకునే శక్తిని పెంచుకుంటుంది. అలాంటిది కరగడానికి పీహెచ్ దాదాపు 4.5 దాకా దిగాలి. మోతాదు మించితే మాత్రం నా పళ్ళలాగా గుల్లబారి, అంచులు పెళుసుగా విరిగిపోతాయి.

పీహెచ్ అంకెలు మనల్ని మోసగిస్తాయని కూడా పిల్లలకు చెప్పాను. ఒక్కొక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, 5.5 నుంచి 2.5కు దిగడమంటే మూడు మెట్లు దిగడం కాదు, వెయ్యి రెట్ల ఆమ్లం అన్నమాట. కూల్ డ్రింక్ సీసా మీద చిన్న అక్షరాల్లో అసిడిటీ రెగ్యులేటర్ అని, బ్రాకెట్లో 338 అని ఉంటే అది ఫాస్ఫారిక్ ఆమ్లం; నిమ్మ రుచి ఉన్నవాటి మీద 330 అని ఉంటే అది సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మకాయలో ఉండేదే. సిట్రిక్ ఆమ్లానికి ఇంకో గుణం ఉంది, అది కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది. అందుకని, నకిరేకల్ మార్కెట్‌లో బుట్టల కొద్దీ అమ్ముడయ్యే నిమ్మకాయ మన ఇంటి సరుకు కాబట్టి మంచిదనీ, సీసాది కొన్న సరుకు కాబట్టి చెడ్డదనీ అనుకోవడానికి పంటి దగ్గర వీలు లేదు. చక్కెర లేని రకం తాగుతున్నానని తృప్తిపడేవారికీ ఇదే వర్తిస్తుంది, చక్కెర తీసేసినా ఆమ్లం అక్కడే ఉంటుంది.

చక్కెర చేసే కీడు వేరు. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల దరిదాపుల్లో చక్కెర ఉండే పానీయం నోట్లోకి పోగానే, పళ్ళ మీది పాచిలో ఉండే బాక్టీరియా దానిని తిని సొంతంగా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పంటి డాక్టర్లు ఈ తేడాను జాగ్రత్తగా పాటిస్తారు. తాగిన ఆమ్లం తిన్నగా పింగాణిని కరిగిస్తే అది కరగడం, బాక్టీరియా చేసిన ఆమ్లం ఒకచోట తొలిస్తే అది పుచ్చడం, ఇటుక పొడి గీకితే అది అరగడం. తీపి కూల్ డ్రింకు మొదటి రెండు పనులూ ఒకేసారి చేయగలదు.

చల్ల సంగతి మాత్రం నాకు ఎంతో నచ్చింది. కాగితం మీద అది బత్తాయితో సమానంగా పులుపు చూపినా పంటిని కరిగించదు, ఎందుకంటే అందులో అప్పటికే కాల్షియం, ఫాస్ఫేట్ నిండుగా ఉన్నాయి. ముదిరిన పాకంలో ఇంకో చెంచా చక్కెర వేస్తే కరగక అడుగున మిగిలిపోయినట్టు, చల్లలో పంటి ఖనిజం కరగడానికి చోటు ఉండదు. జొన్న గటకలో చల్ల పోసుకుని ఎండాకాలమంతా గడిపిన మా తాతల తిండికి పళ్ళ వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. కల్లును బడికి తీసుకురాలేం గనుక దానిని ఊళ్ళోనే, తాటివనం దగ్గర పరీక్షించాను. తెల్లవారుజామున దించినది నీళ్ళకు దగ్గరగా ఉంది, సాయంత్రానికి పులిసినది నాలుగు దగ్గరికి దిగింది. కల్లుకూ పంటికీ మన భాష పులియడమనే ఒకే మాట వాడడం ఊరికే కాదనిపించింది. బత్తాయి మా జిల్లా పంట, మాకు ఎకరం తోట కూడా ఉంది. పండును వలిచి తొనలు తింటే ఫర్వాలేదు గాని, రసం తీసి చక్కెర కలిపి గంటసేపు చప్పరించడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

అసలు కిటుకంతా ఆ గంటసేపులోనే ఉంది. మన నోటిలో లాలాజలం ఒక కాపలాదారు; ఆమ్లాన్ని కడిగేస్తుంది, తనలోని బైకార్బొనేటుతో దాన్ని విరిచేస్తుంది, తనలోని కాల్షియాన్ని మెత్తబడిన పింగాణికి తిరిగి అప్పు ఇస్తుంది. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచి దగ్గర పీహెచ్ పడిపోయి, మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుందని స్టీఫన్ అనే శాస్త్రవేత్త 1940లలోనే గీత గీసి చూపించాడు. ఒక సీసాను భోజనంతోపాటు అయిదు నిమిషాల్లో తాగేస్తే ఆ గీత ఒక్కసారే కిందికి దిగి లేస్తుంది. అదే సీసాను పది నిమిషాలకొక గుక్కగా నాలుగు గంటలు తాగితే ఆ గీతకు పైకి లేచే సందే దొరకదు. తాగినది రెండుసార్లూ అదే సీసా. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది కాబట్టి, రెండింటికి చివరి గుక్క తాగి పడుకున్నవాడి నోట్లో ఆ ఆమ్లాన్ని కడిగేవాళ్ళు ఉండరు.

ఎండకు కూడా ఇందులో వాటా ఉంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో రెండు గంటలు పరుగెత్తి వచ్చినవాడి నోరు పిడచకట్టుకుని ఉంటుంది, కాపలాదారు అప్పుడు ఇంట్లో ఉండడు. సరిగ్గా ఆ సమయంలోనే నిమ్మసోడా మీద మనసు పోతుంది. ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, దాహం తీరాక సోడా తాగితే పంటికి ఎంతో మేలు. అయితే దాహం తీరాక సోడా ఎవడు తాగుతాడని మా అబ్బాయి అడిగాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

నన్ను నేను వదిలిపెట్టుకోవడం కూడా న్యాయం కాదు. పాల చాయ్ ఆమ్లం కాదు, పింగాణిని కరిగించదు. కానీ స్టాఫ్ రూమ్‌లో రోజుకు ఆరు సింగిల్ చాయ్‌లు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర, ఒక్కొక్కటీ పరీక్ష పేపర్లు దిద్దుతూ అరగంట చప్పరించడం నా అలవాటు. స్టీఫన్ గీత లెక్కన నా పాచి కూడా పగలంతా ఆమ్లంలోనే మునిగి ఉంటోంది. నాకు చిగుళ్ళ అంచున రెండు పుచ్చులున్నాయని, బాబు పరీక్ష అయ్యాక ఆ డాక్టరు గారే చూసి చెప్పారు. ఇక చాయ్ ఆకు నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చుకుని దాచుకునే మొక్క. ఫ్లోరైడ్ బోరు నీళ్ళలో చాయ్ ఆకు మరిగించి, చంటిపిల్లలకు కూడా సాసర్లో పోసి తాగించిన మా ఊరి రోజులు తలచుకుంటే, మేం ఎన్ని దారుల్లో ఆ ఫ్లోరైడ్‌ను తాగామో అనిపిస్తుంది.

డాక్టరు గారు మా అబ్బాయికి చెప్పినవి పెద్ద కష్టమైన పనులు కావు. కూల్ డ్రింకు తాగాలనుకుంటే భోజనంతోపాటు, చల్లగా ఉండగానే, వీలైతే స్ట్రాతో త్వరగా తాగేయడం, వెంటనే నీళ్ళు పుక్కిలించడం, పక్కన సీసా పెట్టుకుని చదవాలంటే అందులో మంచినీళ్ళు పోసుకోవడం. పులుపు తాగిన వెంటనే బ్రష్ పట్టుకోవద్దని కూడా చెప్పారు. ఆ సమయంలో పింగాణి పైపొర మెత్తబడి ఉంటుంది కాబట్టి, అరగంటో గంటో ఆగితే లాలాజలం దాన్ని కాస్త గట్టిపరుస్తుంది. బుద్ధిమంతుడిలా సోడా తాగగానే బ్రష్ చేసేవాడు మా అక్క ఇటుక పొడితో చేసిన పనినే, మెత్తటి బ్రష్‌తో చేస్తున్నాడన్నమాట.

ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు రాసిచ్చినప్పుడు మాత్రం మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. మా అమ్మ ఆ మాట వినగానే ట్యూబును చేతిలోంచి లాక్కుంది. "మీ పండ్లు కరాబ్ చేసిందే అది, దాన్నే మల్ల పైసలు పెట్టి కొనుక్కొస్తవా?" అంది. నడుము వంగిపోయిన మనిషి ఆ మాట అంటుంటే ఎదురు చెప్పడం తేలిక కాదు. పంటి మీద రాసి ఉమ్మేసే ఫ్లోరైడ్ వేరు, పింగాణి కట్టే వయసులో రోజూ లీటర్ల కొద్దీ కడుపులోకి పోయే ఫ్లోరైడ్ వేరని, మన దేశంలో పేస్టులో అది 1000 పీపీఎమ్, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు, దాటకూడదని నియమం ఉందని, ఇరవై ఏళ్ళవాడి పళ్ళకు ఇక కొత్తగా మచ్చలు రావని వివరించాను. పేస్టు మింగేసే చిన్నపిల్లలున్న ఇంట్లో, అందులోనూ మా వంటి ఊళ్ళలో, ఆమె భయానికి అర్థముందని కూడా ఒప్పుకున్నాను. అంతా విన్నాక ఆమె ట్యూబును తిరిగి ఇచ్చింది గాని, మా చెల్లెలి నాలుగేళ్ళ కూతురికి అందకుండా దానిని అలమారాలో పై అరలో పెట్టించింది. ఆ విషయంలో ఆమెదే సరైన నిర్ణయమని డాక్టరు గారు కూడా అన్నారు.

కరిగిపోయినది ఎంతో కొలవడానికి, వాడి రెండు దవడల అచ్చులు తీసి ప్లాస్టరు పోసి నమూనాలు చేశారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ అచ్చు తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గుంటలు లోతయ్యాయో లేదో తెలుస్తుందట. ఒక జత మాకూ ఇచ్చారు. అది ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన, వాడి పదో తరగతి ఫోటో ముందు ఉంది. మా అమ్మ ఆ ప్లాస్టరు పళ్ళను అరచేతిలోకి తీసుకుని, గుంటల మీద గోటితో తడిమి, "ఇయ్యైతే నిజంగ గారతోనే చేసిండ్రు" అంది.